తొంభై ఆరు గోడల మీద మారక్క చెయ్యి

పంచలో చాప మీద రబ్బరు చెయ్యి పడి ఉంది. దాని చుట్టూ నలుగురు మనుషులు, నాలుగు పళ్ళేల్లో చల్లారిపోతున్న బొరుగుల ఉగ్గాని. పొయ్యి మీంచి దించి అరగంటయినా ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.

"తినండి. ఏంటికట్ల చూస్తాండారు?" అంది మారక్క. "ఇన్ని దినాలూ నా చెయ్యి అమ్ముకునే కదా తింటిరి. ఈ పొద్దే గొంతు దిగదా?"

కొడుకు బసవరాజు పళ్ళెంలో మిరపకాయ బజ్జీని వేలితో అటూ ఇటూ దొర్లించాడు. కోడలు స్వప్న నీళ్ళ చెంబు ముట్టుకుని మళ్ళీ కింద పెట్టింది. మొగుడు గంగాధరప్ప గోడకు ఆనుకుని కొండ వంక చూస్తున్నాడు. పెనుకొండలో ఏ పంచలో కూర్చున్నా కొండ కనబడుతుంది. అందుకే ఆ ఊళ్ళో మాట తప్పించుకునేవాళ్ళకు చూపు నిలపడానికి చోటు కరువు లేదు.

ఆ రబ్బరు చెయ్యి మారక్కదే. ఐదు వేళ్ళూ, అరచేతి గీతలూ, సున్నపురాయి పడి విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలూ, అన్నీ ఉన్నాయి. నిన్న కొడుకు కారు డిక్కీలో కూరగాయల సంచి కోసం చెయ్యి పెడితే తగిలింది. తన చేతికి తానే దండం పెట్టాలో, తన చేతిని తానే విరవాలో తెలియక ఆమె కాసేపు అట్లాగే నిలబడిపోయింది.

ఇదేందిరా అంటే, అచ్చు అన్నాడు. దేనికిరా అంటే, గోడలకు అన్నాడు. ఎన్ని గోడలకురా అంటే మాత్రం నోరు పెగల్లేదు. పెగిలేసరికి తెల్లారింది. తొంభై ఆరు.

హిందూపురం రోడ్డులో లేచిన 'హరితప్రాణ' మేడల్లో తొంభై ఆరు ఇళ్ళు. కొనేవాళ్ళకు ఆరోగ్యం, వాకిళ్ళకు చెట్ల నీడ, నీటికి పొదుపు, గోడలకు ఊపిరి. ఇదంతా కంపెనీవాళ్ళ మాట. గోడలకు పూత పూయించే కాంట్రాక్టు బసవరాజుది. సిమెంటు లేని గోడలట, పూర్వకాలపు గానుగ సున్నంతో పూసిన గోడలట. ఇంటింటా తలుపు పక్కన మారక్క అరచెయ్యి.

గార పూసేవాళ్ళలో అదొక ఆచారం. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఆడించి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి మాగబెట్టి, మగవాళ్ళు గోడకు పూస్తారు. నున్నటి గులకరాయితో రుద్ది రుద్ది మెరుగు తెచ్చేది ఆడవాళ్ళు. అట్లా రుద్దిన మనిషి, చివరి పూత తడిగా ఉండగానే, తలుపు పక్కన కుడి అరచెయ్యి ఒత్తుతుంది. అందానికి కాదు. రేపు ఈ గోడ పగిలినా, చెమ్మ దిగినా, నన్నడగండి అని.

మారక్కకు ఆ పని నేర్పింది ఆమె అత్త. "నువ్వు రుద్దని గోడకు చెయ్యి పెట్టినావని నాకు తెలిసిందా, ఇంగ ఆ చేత్తో నాకు అన్నం పెట్టొద్దు" అని చెప్పిన మనిషి ఆవిడ. పాతికేళ్ళ కిందట హిందూపురంలో ఒక షావుకారు తొందరపెడితే పనివాళ్ళు గారలో సిమెంటు కలిపారు. మారక్క చేతులు కడుక్కుని బస్సెక్కింది. ఆ షావుకారు కారేసుకుని పెనుకొండకు వచ్చి బతిమాలినా కదల్లేదు. చెయ్యి పెట్టలేదు.

అలాంటి మనిషి చేతిని ఇప్పుడు అడ్డమైన గోడలకూ అద్దేశారు. మోడల్ ఫ్లాట్‌లో మొగుడూ పెళ్ళాం రెండు నెలలు కష్టపడి చేసిన గోడ ఒక్కటే ఒక్కటి. మిగతా వాటిని ఆమె చూసిందీ లేదు, ముట్టుకున్నదీ లేదు.

"మా, నువ్వే కదా చెయ్యి ఇస్తివి," అన్నాడు బసవరాజు చివరికి. "నేనేమన్నా దొంగతనంగా తీసుకుంటినా?"

"ఏమని చెప్పి తీసుకుంటివిరా? పిండి మాదిరి మెత్తటిదేదో తెచ్చి, దీంట్లో చెయ్యి పెట్టుమా, అద్దాల బీరువాలో పెడతారంట, మనవళ్ళు చూసుకుంటారు అంటివి. నేను మురిసిపోయి గాజులు కూడా తీసి పెడితిని. ఆ పొద్దే ఈ గొంతు నులిమేసి ఉంటే బాగుండు!"

"ఎండీ గారికి బాగా నచ్చిందిమా. మీ అమ్మ చెయ్యే మన లోగో అన్నాడు."

"లోగో అంటే ఏంది?"

బసవరాజు స్వప్న వైపు చూశాడు. స్వప్న నేల చూసింది. "గుర్తు అత్తా. సామాన్ల మీద వేస్తారే, ఏ కంపెనీదో తెలిసేదానికి."

"అంటే నేను ఊదొత్తుల డబ్బా మీద బొమ్మనా?"

స్వప్నకు నవ్వొచ్చింది. ఆపుకుంది. కానీ మారక్క చూడనే చూసింది.

"నవ్వు, నవ్వు తల్లీ. హిందూపురంలో మీ మామ ఫొటో అంతెత్తున కట్టినారు కదా, గార బ్రహ్మ అని. అది చూసి ఊరంతా నవ్వల్ల. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!"

గంగాధరప్ప భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"మా, నా మాట కొంచెం ఇను," బసవరాజు పళ్ళెం పక్కకు నెట్టాడు. "తొంభై ఆరు ఇండ్లు గారతో పూయల్లంటే ఎన్నేండ్లు పడతాది? ఆ పని తెలిసినోళ్ళు యాడుండారు? రొళ్ల ఊర్లో ఒగాయప్ప ఉండాడు, ఆయప్పకు కండ్లు కనపడవు. మిగిలింది నువ్వు, నాయన. మీరిద్దరూ పూస్తే నా మనవడు గృహప్రవేశం చేసుకుంటాడు."

"చేతకాకపోతే కాదని చెప్పల్ల."

"చెప్తే కాంట్రాక్టు ఇంగొగనికి పోతుండె. వాడు చేసేది కూడా ఇదే. సిమెంటే పూసేది, పైన సున్నమే కొట్టేది."

"పోనీ! వాడు చేసుకోనీ! వాడు నా చెయ్యి ఒత్తుతాడా? వాడు వాని యమ్మ చెయ్యి ఒత్తుకుంటాడు!"

"అట్ల మాట్లాడితే ఎట్లమా?"

"ఎట్ల మాట్లాడల్లరా? నువ్వే నేర్పు. కడుపున పుట్టి నా చేతులు నరికి అమ్ముకుంటివి. ఇంగ మాటలు కూడా నువ్వే నేర్పు."

బసవరాజు మొహం ఎర్రబడింది. వాడికీ కోపం వస్తే తల్లి పోలికే. చాప మీంచి లేచి పంచ అంచు దాకా పోయి, మళ్ళీ తిరిగి వచ్చాడు.

"నరికినానా? ఇరవై యేండ్లు మీరిద్దరూ గారా, గారా అని కూచుంటే ఈ ఇంట్లో ఏముండాది? ఈ వాకిలికి ఒగడన్నా వచ్చినాడా? నేను తెచ్చినాను మీకు మర్యాద. శాలువాలు కప్పించింది నేను. కార్లు ఈ సందులోకి వచ్చింది నా వల్ల. అది మర్చిపోయి, రబ్బరు ముక్క పట్టుకుని రాద్ధాంతం చేస్తాండావు."

"ఆ శాలువా యాడుండాది స్వప్నా? తే. బర్రె మీద కప్పుతా."

"అత్తా, మీరు గమ్మునుండండి," స్వప్న అడ్డం వచ్చింది. "ఏమండీ, మీరు కూడా. సందులో జనాలు ఇంటాండారు."

"ఇననీ! నేనేమన్నా తప్పు చేసినానా, గొంతు తగ్గించేదానికి?" మారక్క మోకాలి మీద చెయ్యి వేసి లేచి నిలబడింది. "రేయ్, ఇను. ఆదివారం మిగతా ఇండ్లకు తాళాలు ఇస్తారంట కదా. నన్ను పట్టుచీరలో తీసుకపోయి, అందరి ముందరా గోడకు చెయ్యి పెట్టిస్తారంట కదా. నేను రాను. ఆదివారం లోపల ఆ చేతులన్నీ గీకించు. ఒగటి కూడా మిగలగూడదు."

"గీకిస్తే ఏంటికని అడగరా? ఏం చెప్పల్ల నేను?"

"నిజం చెప్పు."

"నిజం చెప్తే కేసు పెడతారుమా! లోపలేస్తారు! అది కావల్నా నీకు?"

 ఎంత మండినా మారక్క కన్నతల్లి. వాణ్ణి పోలీసులు తీసుకుపోవడమన్న మాట చెవిన పడేసరికి కొడుకు మీంచి చూపు తిప్పేసింది. ఆ బాధ దిగమింగలేక మొగుడి మీద విరుచుకుపడింది.

"ఏమయ్యా, నువ్వు మాట్లాడవేం? నీ అమ్మ చెప్పిన మాట నీకు తెల్దా? నోట్లో నాలుక లేనట్ల కూచుంటే అయిపాయనా?"

గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు. అందరూ అటు తిరిగారు. ఆయన తువ్వాలు తీసి మెడ తుడుచుకుని, మళ్ళీ కొండ వైపే చూశాడు.

సందులో కారు ఆగిన చప్పుడయింది.

"మారక్కగారి ఇల్లు ఇదేనా?"

ముప్పై అయిదేళ్ళ మనిషి. కట్టుకున్నది మంచి పట్టుచీరే గానీ, రాత్రంతా దానితోనే పడుకున్నట్టు నలిగిపోయి ఉంది. చేతిలో మందుల షాపు కవరు. జుట్టు చెదిరింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

ఆమెను చూడగానే బసవరాజు గబగబా మెట్లు దిగాడు. "మేడమ్, ఈడికెందుకు వచ్చినారు? ఆఫీసుకు రండి, మాట్లాడదాం."

"ఆఫీసుకు తొమ్మిది సార్లు వచ్చినాను. ఇంక రాను." ఆమె అతణ్ణి దాటుకుని పంచలోకి వచ్చేసింది. "అమ్మా, నా పేరు రాధిక. ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉంది. హరితప్రాణలో మూడో అంతస్తులో ఇల్లు మాది. జూన్‌లో తాళాలు ఇచ్చినారు."

ఎంత కోపంలో ఉన్నా ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టడం మారక్కకు చేతకాదు. "కూచో తల్లీ. స్వప్నా, నీళ్ళియ్యి."

రాధిక కూర్చోలేదు. చాప మీద రబ్బరు చెయ్యి ఆమె కంటబడకుండా స్వప్న గబుక్కున దాని మీదికి చాప అంచు మడిచింది.

"మా అత్తకు ఆయాసం అమ్మా. అంగడి మీదే మా ఇల్లు, కింద రోడ్డు దుమ్ము. ఈ గోడలు చెమ్మ పట్టనియ్యవు, గాలి శుభ్రంగా ఉంటుంది, ముసలోళ్ళకు మంచిది అన్నారు. కొన్నాం. వానలు మొదలైనాయి. మంచం పక్క గోడ ఉబ్బింది, రాలింది, నల్లగా బూజు పట్టింది. మొదట్లో మేమేమో ఇది కొత్త గోడ, ఆరేదాకా ఇట్లే ఉంటుందేమో అనుకున్నాం. తగ్గకపోతే ఆఫీసు చుట్టూ తిరిగినాం. నాలుగు దినాల కిందట ఊపిరాడక పడిపోయింది. హిందూపురంలో ఆస్పత్రిలో ఉంది. నేను ఆడి నుంచే వస్తాండా."

స్వప్న అందించిన నీళ్ళ చెంబును రాధిక పక్కన పెట్టేసింది.

"మా అత్త దినామూ ఏం చేస్తుందో తెలుసా మీకు?" రాధిక గొంతు పైకి లేచింది. "పొద్దున్నే లేచి తలుపు కాడ మీ చేతికి కుంకుమ పెడుతుంది. పెట్టి మొక్కుతుంది. ఏ తల్లి చెయ్యో, నేను ఊపిరి తీసుకునేదానికి ఎంత కష్టపడి రుద్దిందో, ఆమె చల్లగుండాలి అంటుంది. గోడ రాలుతాంటే కూడా అనింది. ఆమె చెయ్యి ఉన్న గోడకు ఏం కాదులే రాధికా అనింది!"

మారక్క స్తంభానికి ఆనుకుంది. నిన్నటి నుంచీ తన చేతిని దొంగిలించారనే అనుకుంటోంది. ఆ చేతికి ఎవరో మొక్కుతూ ఉంటారని, మొక్కి ఆ గోడ పక్కనే పడుకుని ఊపిరి పోగొట్టుకుంటూ ఉంటారని ఆమెకు తోచనే లేదు. సిగ్గుతో ఒళ్ళు భగభగ మండింది.

"కంపెనీవాళ్ళు ఏమంటారు తల్లీ?"

"గోడ తప్పు కాదంట. మేం కిటికీలు మూసుకుంటామంట. బట్టలు ఇంట్లో ఆరేస్తామంట. మారక్క చేతి గోడ చెడదు, మీరే చెడగొట్టుకున్నారు అంటారు." రాధిక కవరు విప్పి పంచ గట్టు మీద బోర్లించింది. పెచ్చులు. "అందుకే వచ్చినాను. నన్ను తిట్టండి, పొమ్మనండి, పోతాను. ఒక్కటి మాత్రం చెప్పండి. ఈ గోడ మీరు రుద్దినారా?"

"మేడమ్, మా యమ్మకు పెద్దవయసు, జ్ఞాపకం ఉండదు..." బసవరాజు ముందుకు వచ్చాడు.

"నువ్వు ఆడనే నిలబడు," అంది మారక్క.

ఒక పెచ్చు చేతిలోకి తీసుకుంది. గార పెచ్చయితే విరిచినా, నలిపినా లోపలి దాకా తెలుపే. దీనికి పైన కాగితమంత పలుచగా తెల్లటి పొర, దాని వెనక అంతా బూడిదరంగు. నలపబోతే నలగలేదు. గోరు పెట్టి గీసింది. గోరు విరిగింది.

"మా," అన్నాడు బసవరాజు చిన్నగా. "మా, వద్దు."

చిన్నప్పుడు సున్నపు తొట్టిలో చెయ్యి పెట్టి కాల్చుకున్నప్పుడు కూడా వాడు ఇట్లాగే పిలిచాడు. ఆ పిలుపుకు మారక్క పెచ్చు కింద పెట్టబోయింది. కానీ ఆమె కళ్ళ ముందు ఆస్పత్రి మంచం మీద ఎవరో ముసలమ్మ, మొహం కూడా తెలియని ముసలమ్మ, కుంకుమ అంటిన వేళ్ళతో ఊపిరి కోసం పెనుగులాడుతోంది.

"చెయ్యి నాదే తల్లీ," అంది మారక్క. "గోడ నాది కాదు. నేను రుద్దలేదు. ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు. ఇది సిమెంటు."

రాధిక అప్పుడు కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నారు. ఏడవలేదు. ఫోన్ తీసి ఏదో వెతికింది.

"మరి ఇదేంది? ఇల్లు కొనేటప్పుడు ఇచ్చిన కాగితం. తొంభై ఆరు ఇండ్ల గోడలూ గానుగ సున్నంతోనే పూసినాం, నేను దగ్గరుండి చూసినాను అని సంతకం ఉంది."

మారక్క కొడుకు వైపు తిరిగింది. "అబద్ధపు కాగితం మీద సంతకం కూడా పెడితివా?"

బసవరాజు తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పబోయి ఆగి, వాడు కూడా గోడ దగ్గర కూర్చున్న మనిషి వైపు చూశాడు.

రాధిక చదివింది. "గంగాధరప్ప, గార మేస్త్రి, పెనుకొండ."

మారక్కకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఎవరైనా కాదంటారేమోనని ఒక్కొక్కరి మొహమే చూసింది. స్వప్నకు తెలుసు, కళ్ళు దించుకుంది. కొడుక్కు తెలుసు. ఇంట్లో తెలియని మూర్ఖురాలు తనొక్కతే.

"నువ్వా?" అంది. "కంచే చేను మేసిందా?"

గంగాధరప్ప లేచాడు. పొద్దుటి నుంచి మాట్లాడని మనిషి ఒక్కసారిగా అరిచాడు.

"అవునే, నేనే! ఏం జేయమంటావు? ఇరవై యేండ్లు నన్ను ఎవుడన్నా మేస్త్రీ అని పిలిచినాడా? చెరువుగట్టు పనికి పోయి మట్టి మోసినాను. నా చేతి కింద నేర్చుకున్నోడు సిమెంటు మేస్త్రి అయి, నన్ను కూలికి పిలిచినాడు. అప్పుడు యాడుండాది నీ గార? పెద్ద పెద్దోళ్ళు వచ్చి, మీరు లేకపోతే ఈ విద్య లేదు సామీ అని దండం పెడితే, ఒగ సంతకం పెట్టినా. పెడతా! మళ్ళా అడిగినా పెడతా!"

"ఒగ గోడ చేసి, తొంభై ఆరు అని పెడితివా?"

"ఆ ఒగ గోడా నిజమే కదా!"

"ఆ గోడ పక్కన ఎవురు పండుకున్నారయ్యా? ఈ బిడ్డ అత్త పండుకునిందా?"

 గంగాధరప్ప తువ్వాలును రెండు చేతులతో మెలిపెట్టాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ చేతులు పూసిన గోడలను ఆమె వెనకనుంచి రుద్దుకుంటూ వచ్చింది. ఎక్కడ పూత పలుచనో, ఎక్కడ తొందరపడ్డాడో అరచేతికే తెలిసేది. ఈ ఒక్కటీ ఎట్లా తెలియకుండా పోయిందా అని ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

రాధిక లేచి నిలబడింది. ఫోన్ మారక్క మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"అమ్మా, నేను కేసు వేస్తా. మీరు నాకు చెప్పింది మళ్ళీ చెప్తారా? రికార్డు చేసుకుంటా. చెప్పకపోయినా నేనేమీ అనుకోను. మీ ఇంటి మనిషి."

"మా, నాయన వయసు చూడుమా," అన్నాడు బసవరాజు. ఏడుపు గొంతు. "నాకేమన్నా కానీ. నాయన తట్టుకోలేడు."

"చెప్పనీరా!" గంగాధరప్ప పళ్ళు కొరికాడు. "చెప్పనీ. నా చేతులకు బేడీలు ఏయించి, ఆయమ్మ చెయ్యి శుభ్రం చేసుకోనీ!"

స్వప్న వచ్చి అత్త మోచెయ్యి పట్టుకుంది. ఆపడానికో, నిలబెట్టడానికో స్వప్నకే తెలియదు.

మారక్క ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది. కొంగు భుజాన సర్దుకుంది. మొగుడి మొహంలోకి చూసింది. ఈసారి ఆయన కొండ వైపు చూడలేదు. ఆమె వైపే చూశాడు, చెప్పదనే నమ్మకంతో.

"ఆ ఫోను రికార్డు మొదలుపెట్టిందా తల్లీ?" అని రాధికను అడిగింది.

"పెట్టిందమ్మా."

"నా పేరు మారక్క," అంది ఫోన్‌లోకి, గట్టిగా, సందు చివరికి వినబడేలా. "పెనుకొండ గార మేస్త్రి గంగాధరప్ప పెండ్లాన్ని. ఆ కాగితంలో రాసిండేదంతా అబద్ధం. సంతకం మాత్రం నా మొగునిదే."